బండ చుట్టూ బడి

బళ్లో ఆమెకు లెక్కల టీచరు పెట్టిన పేరు పిడుగు. అడిగినదానికీ అడగనిదానికీ కూడా తనే ముందు జవాబు చెప్పేది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు నలభై దగ్గరపడ్డాయి, చెవుల పక్కన తెల్లవెంట్రుకలు వచ్చాయి, రెండు గదుల్లో సొంత ఆర్కిటెక్టు ఆఫీసు పెట్టుకుంది. అయినా ఆ పేరు ఆ నోట విన్నదంటే చాలు, హోంవర్కు చెయ్యని పిల్లలా ఒళ్లు సర్దుకునేది. అందుకే ఆ పొద్దున ఫోన్లో "ఏమే పిడుగూ, పనిలో ఉన్నావా?" అని వినిపించగానే పెన్సిలు పక్కన పడేసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"లేదు టీచర్, చెప్పండి."

"మన బడికి స్థలం వచ్చింది. వెనకాల ఏటవాలు లేదూ, అదంతా మనకే ఇచ్చారు. కొత్త హైస్కూలు కట్టాలి. కడితే నువ్వే కట్టాలి."

లెక్కల టీచరు ఇప్పుడు ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. పదవి మారినా అందరికీ ఆవిడ టీచరే. పిడుగుకు మరీను.

ఏటవాలు అన్నమాట వినగానే పిడుగుకు చిన్నప్పటి నాలుగు నెలలు గుర్తొచ్చాయి. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక గాలివానకు బడి పైకప్పు రేకులు లేచిపోయాయి. మరమ్మతు అయ్యేదాకా నాలుగు నెలలు వెనకాల వాలులో, చెట్ల కింద, బండల చుట్టూ కూర్చుని చదువుకున్నారు. ఒక్కో బండ చుట్టూ ఐదారుగురు. బోర్డు లేదు. టీచరు సుద్దముక్క పట్టుకుని ఒక బండ నుంచి ఇంకో బండకు తిరిగేది. బండ మీదే లెక్క వేసి, "మీరే తేల్చండి, మళ్లీ వస్తా" అని వెళ్లిపోయేది. వచ్చేసరికి పిల్లలు వాదించుకుంటూ, చెరిపేస్తూ, ఒకరికొకరు చెప్పుకుంటూ ఉండేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద బండ ఏనుగు పడుకున్నట్టు ఉండేది. దాని మీద పిడుగుదే రాజ్యం. ఇల్లు కట్టడమంటే గోడలు లేపడం కాదనీ, మనుషులు ఎలా కూర్చుంటారో ముందు చూడడమనీ ఆమెకు తర్వాత కాలేజీలో ఎవరో చెప్పారు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు గుర్తొచ్చింది ఆ బండే.

"ఎంతమంది పిల్లలు టీచర్?"

"ఎనిమిదొందలు. అంతకి మించొద్దు."

"ఎప్పుడు రమ్మంటారు?"

"ఇప్పుడే రమ్మంటే వచ్చేలా ఉన్నావుగా!" అని టీచరు నవ్వింది.

పిడుగు మర్నాడే వెళ్లింది.

తర్వాతి పద్నాలుగు నెలలు ఆమె వేరే పెద్ద పనేదీ ఒప్పుకోలేదు. ఉన్నవి రెండు ఇళ్లూ ఒక షాపూ. వాటిని తన దగ్గర పనిచేసేవాళ్లకు అప్పగించింది. వానాకాలమంతా ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం, కొయ్యమేకుల కట్ట వెంటపెట్టుకుని వాలంతా తిరిగింది. వాన పడుతుండగా గొడుగేసుకుని నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, ఆ దారి వెంట మేకులు పాతింది. ఏ చెట్టు నీడ మధ్యాహ్నం ఎక్కడికి చేరుతుందో కాగితం మీద గుర్తుపెట్టుకుంది. పొద్దున షిఫ్టు పిల్లలు కిటికీల్లోంచి చూసి, "చేపలు పడుతోందిరా ఆవిడ" అని నవ్వుకునేవాళ్లు.

ప్లాను ఆ తిరుగుడులోంచే వచ్చింది. నేలను చదును చెయ్యకుండా, వాలు ఎలా దిగితే బడీ అలాగే దిగుతుంది. నాలుగేసి తరగతి గదులు ఒక గుంపు. గుంపు నడుమ అందరిదీ అయిన ఒక హాలు. గదికీ హాలుకీ మధ్య గోడ పక్కకు జరుగుతుంది. అది జరిపితే నాలుగు తరగతుల పిల్లలూ ఒకచోట కూర్చుని పని చేసుకోవచ్చు, మూసుకుంటే ఎవరి పాఠం వాళ్లది. గుంపు నుంచి గుంపుకు వెడల్పాటి మెట్లు, నడవడానికీ కూర్చోవడానికీ కూడా పనికొచ్చేలా. ఐదు గుంపుల నడుమా, ఎక్కడుందో అక్కడే, ఏనుగు బండ.

ఇదంతా ఒక్కతే కూర్చుని గియ్యలేదు. టీచర్లను పిలిచి నాలుగుసార్లు సమావేశం పెట్టింది. పిల్లలకు అట్టముక్కలు, జిగురు ఇచ్చి, మీకు నచ్చినట్టు గది చెయ్యండి అంది. సైన్సు మాస్టారు మొదటిరోజే చేతులు కట్టుకుని, "గోడ జరిగితే శబ్దం కూడా జరుగుతుందమ్మా" అన్నారు. ఆమె వాదించలేదు. జరిగే గోడ మందం పెంచి, అంచులకు రబ్బరు పట్టీ వేసి, నమూనా ఒకటి చేయించి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన అటు ఒకసారి, ఇటు ఒకసారి నిలబడి గట్టిగా పాఠం చెప్పి చూసుకుని, "సరే, ఒప్పుకున్నా" అన్నారు. ఒక ఏడో తరగతి పిల్ల అట్టతో చేసి పెట్టిన బడి మోడల్లోని మెట్ల మీద గుండుసూదంత బొమ్మను పెట్టి, "ఇది నేను. నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేనప్పుడు ఇక్కడ కూర్చుంటా" అంది. ఆ రాత్రే పిడుగు ప్రతి మెట్ల వరస చివరా ఒక్కళ్లే పట్టే చోటు గీసింది.

ఈ సమావేశాలన్నిటికీ టీచరు వచ్చేది. ముందు వరసలో కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, అన్నీ వినేది. "బాగుంది. ఇంకా బాగా చెయ్యి" అనేది. చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేసినా అదే మాట.

డబ్బిచ్చేది ఒక విద్యానిధి సంస్థ. పరిసరాలను చెడగొట్టకుండా, పిల్లలు కలిసి నేర్చుకునేలా కట్టే బళ్లకే వాళ్ల నిధి. వాళ్ల ముందు ప్లాను చూపించే రోజున పిడుగు మోడల్ పట్టుకుని వెళ్లింది. ఆమె చెప్పాల్సింది చెప్పాక టీచరు లేచింది. కాగితం లేదు, తడబాటు లేదు. రేకులు లేచిపోయిన ఏడాది గురించి, బండ మీద సుద్దతో రాసిన లెక్కల గురించి చెప్పింది. "ఆ నాలుగు నెలల్లో నేను చెప్పినదానికంటే వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నదే ఎక్కువ. ఆ బండ మీద కూర్చున్న పిల్లే ఇవాళ మీ ముందు ఈ బడి గీసి నిలబడింది" అని పిడుగు భుజం మీద చెయ్యి వేసింది. బల్లకవతల కూర్చున్న ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిడుగు మాత్రం తల దించుకుని మోడల్లోని ఊడిన చెట్టునొకదాన్ని అతికిస్తున్నట్టు నటించింది. లేకపోతే అందరి ముందూ ఏడ్చేసేది.

నిధి మంజూరైంది. ఆ వారమే టీచరు గదికి పిలిచి కాగితాల దొంతర ఒకటి ముందు పెట్టింది. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తూ పోయింది. పిడుగు పెడుతూ పోయింది. మామూలుగా ఆమె సిమెంటు బిల్లు కూడా రెండుసార్లు చదివే మనిషి. కానీ టీచరు వేలు చూపించిన చోట సంతకం పెట్టడానికి చదవడం దేనికి? పరీక్ష పేపరు మీద ఆ వేలు చూపించిన తప్పులే కదా ఆమె జీవితమంతా దిద్దుకుంటూ వచ్చింది.

తర్వాత మూడు నెలలు టీచరు దగ్గర్నుంచి కబురు లేదు. ఫోన్ చేస్తే, "ఇంజనీర్లు చూస్తున్నారే, తొందరెందుకు" అనేది. పిడుగు ఆ లోపల తలుపుల వివరాలు, మెట్ల వివరాలు గీసుకుంటూ కూర్చుంది.

ఆ వివరాల షీట్లు ప్రింటు తీయించడానికే ఒకరోజు నత్త కొట్టుకు వెళ్లింది.

నత్త ఆమెతో చదువుకున్న పిల్ల. ఏనుగు బండ మీద ఆమె పక్కనే కూర్చునేది. నడిచినా, రాసినా, తిన్నా నెమ్మదే కాబట్టి నత్త. ఇప్పుడు బజారులో ప్లాన్లు ప్రింటు తీసే కొట్టు నడుపుతోంది. పిడుగు గీసిన ప్రతి గీతా ఆ కొట్టులోని పెద్ద యంత్రంలోంచి బయటికి రావలసిందే. నత్త లోపల టీ కలుపుతోంది. యంత్రం పక్కన, చెడిపోయిన ప్రింట్లు పడేసే డబ్బాలో, ఒక చుట్ట నిలబడి ఉంది. వెనకవైపు ఖాళీగా ఉండే షీట్లు చిత్తుపనికి పనికొస్తాయని పిడుగు ఎప్పుడూ తీసుకెళ్లేది. అలవాటుగానే విప్పింది.

నాలుగంతస్తుల డబ్బాలాంటి బడి. పొడవాటి వరండా, దాని వెంట ఒకే కొలత గదులు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. కింద బడి పేరు చూసి, ఇలాంటి పేరున్న బడి ఇంకోటి ఉందేమో అనుకుంది. తర్వాత నేల గీతలు చూసింది. ఏటవాలంతా చెక్కేసి చదును చేశారు. ఏనుగు బండ ఉన్నచోట మెట్లగది. కింది మూల పేర్లు రాసే గడిలో "సవరించిన ప్లాను" అని ఉంది. దాని కింద ఆర్కిటెక్టు అన్నచోట ఆమె పేరు, ఆమె రిజిస్ట్రేషన్ నంబరు. పక్క గడిలో మొదటిసారి గీసిన తేదీ. టీచరు ఆమెకు ఫోన్ చేసిన రోజుకు రెండు నెలల ముందు.

పిడుగు ఆ తేదీని మళ్లీ చదివింది. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. లెక్క తప్పలేదు.

నత్త టీ కప్పులతో వచ్చి, ఆమె చేతిలోది చూసి ఆగిపోయింది.

"ఇది నీ దగ్గరికి ఎప్పుడొచ్చిందే?"

నత్త కప్పులు కింద పెట్టింది. "నిధి వచ్చిన వారానికి."

"మూడు నెలలు! నేను నీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చానే ఈ మూడు నెలల్లో? ఇక్కడే కూర్చుని తలుపు గొళ్లేలు చూపించాను నీకు. బాగున్నాయన్నావు!"

"టీచర్ చెప్పొద్దన్నారే. పిడుగుకి నేనే చెప్తాను, నువ్వు నోరు మెదపకు అన్నారు. చెప్పే ఉంటారనుకున్నా మొదట్లో."

"తర్వాత?"

నత్త పైట కొంగో రుమాలో వెతుక్కున్నట్టు చేతులు అటూ ఇటూ పోనిచ్చి, చివరికి బల్ల అంచు పట్టుకుంది. "నా కూతురు మధ్యాహ్నం షిఫ్టు. చీకటి పడ్డాక వస్తుంది ఇంటికి. గదులు ఎక్కువుంటే షిఫ్టులు పోతాయన్నారు టీచర్. నీదాంట్లో పోవు అన్నారు."

"ఆ మాట నాతో అనొచ్చుగా!"

"నీతో అనడం నా వల్ల ఎప్పుడైందే?" అంది నత్త. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నువ్వు ఆ బండ గురించి అంత సంతోషంగా చెప్తుంటే... నాకు ఆ బండ మీద ఒక్క లెక్కా అర్థం కాలేదే. నువ్వు చేసేదానివి, నేను చూసి రాసుకునేదాన్ని. ఆ ఏడాది నేను తప్పాను. నీకు గుర్తైనా ఉందా?"

పిడుగుకు గుర్తు లేదు. పదో తరగతిలో నత్త తన పక్కన లేదన్న సంగతి అప్పుడే, ఆ కొట్టులో నిలబడి, మొదటిసారి తోచింది. కానీ అప్పటికి ఆమె మనసులో దానికి చోటు లేదు. షీటును చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

బడికి చేరేసరికి మధ్యాహ్నం. పొద్దున షిఫ్టు పిల్లలు బయటికి, మధ్యాహ్నం షిఫ్టు పిల్లలు లోపలికి, ఒకే గేటులోంచి తోసుకుంటున్నారు. వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని టీచరు గదిలోకి వెళ్లింది. టీచరు హాజరు పట్టీలు చూసుకుంటోంది. పిడుగు షీటు విప్పి వాటి మీదే పరిచింది.

టీచరు చూసింది. అద్దాలు తీసి పక్కన పెట్టింది. "కూర్చో."

"కూర్చోను టీచర్. ఇది నేను గీసింది కాదు. నా పేరుంది."

"నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టావు. స్థల పరిస్థితులను బట్టి ఇంజనీరు చేసే మార్పులకు అభ్యంతరం లేదని."

"చదవలేదు."

"తెలుసు."

ఆ ఒక్క మాటకు పిడుగు కూర్చోనన్న కుర్చీనే పట్టుకుంది.

"ఈ తేదీ చూడండి. నాకు ఫోన్ చెయ్యకముందే మీ దగ్గర ఈ ప్లాను ఉంది. మరి నన్నెందుకు పిలిచారు?"

"ఈ డబ్బాకి ఎవరూ నిధి ఇవ్వరు కాబట్టి. రెండు నెలలు తిరిగానే దీన్ని పట్టుకుని. ఎక్కని గడప లేకుండా తిరిగాను. ఏ తలుపూ తెరుచుకోలేదు. వీళ్లకి అందం కావాలి, చెట్లు కావాలి, పిల్లలు గుండ్రంగా కూర్చున్న బొమ్మ కావాలి. అది నువ్వైతే నిజంగా గీస్తావు. నువ్వు గీశావు, వాళ్లు ఇచ్చారు."

"నేను గీసింది కట్టొచ్చుగా! బొమ్మ కాదది, బడి! ప్రతి మేకూ కొలిచి పెట్టాను!"

"ఎంతమందికి?"

"ఎనిమిదొందలు. మీరే కదా చెప్పారు."

"పదకొండొందల మంది ఉన్నారు."

పిడుగు కిటికీ వైపు చూసింది. బయట గేటు దగ్గర గోల ఇంకా సద్దుమణగలేదు.

"ఎనిమిదొందలకి మించిన బళ్లకి వాళ్ల నిధి లేదు" అంది టీచరు. "అందుకని ఎనిమిదొందలన్నాను. మిగతా మూడొందల మందిని ఎక్కడ కూర్చోబెట్టను? నీ మెట్ల మీదా?"

"నాకు చెప్తే పట్టేలా చేసేదాన్ని! ఇంకో రెండు గుంపులు వేసేదాన్ని, పైన ఒక అంతస్తు వేసేదాన్ని! నిధివాళ్లకి ఏ లెక్క చెప్పారో మీ ఇష్టం, నాకైనా అసలు లెక్క చెప్పొచ్చుగా!"

"నీకు అబద్ధం ఆడడం రాదు. వాళ్ల ముందు నిలబడితే నీ మొహమే చెప్పేసేది."

"ఆ రోజు మీరు మాట్లాడారే, బండ గురించి... అది?"

"అది నిజమే" అంది టీచరు. "నీకు జరిగింది చెప్పాను. నాకు జరిగింది వేరు. ఆ నాలుగు నెలలూ నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఒక బండ దగ్గరుంటే ఇంకో బండ దగ్గర పిల్లలు ఏం చేస్తున్నారో తెలియదు. నీ చుట్టూ ఉన్నవాళ్లు నీది చూసి రాస్తున్నారని తెలిసినా ఏం చెయ్యలేకపోయాను. ఆ ఏడాది సగం క్లాసు తప్పింది. ఇన్‌స్పెక్టరు నన్ను నిలబెట్టి దులిపేశాడు. అప్పుడే అనుకున్నాను, నాకు నాలుగు గోడలూ ఒక తలుపూ ఉంటే చాలు అని."

"పద్నాలుగు నెలలు ముందు వరసలో కూర్చుని బాగుంది బాగుంది అన్నారు."

"బాగుందనే అన్నాను. కడతానని నీకెప్పుడూ అనలేదు."

"ఫోన్లో అన్నారు. కడితే నువ్వే కట్టాలి అన్నారు."

టీచరు అద్దాలు మళ్లీ పెట్టుకుని హాజరు పట్టీ మీదున్న షీటును మెల్లగా పక్కకు జరిపింది. "బడి వస్తోంది పిడుగూ. అది చూడు."

ఇంటికి వెళ్లి అమ్మతో చెబితే అమ్మ మొదట నమ్మలేదు. "ఆవిడ నిన్ను సొంత కూతురిలా చూసింది. ఏదో కారణం ఉండుంటుందే."

"కారణం ఉందమ్మా. చెప్పింది కూడా."

"మరింకేం?"

"నన్ను ఎరగా వాడుకుందమ్మా! ఏ కారణమైతే నాకెందుకు?"

అమ్మ కంచంలో కూర వడ్డిస్తూ, "చూసుకోకుండా సంతకం ఎలా పెట్టావు?" అంది. పిడుగు కంచం ముందు నుంచి లేచిపోయింది.

నాలుగు రోజులు ఆఫీసు తలుపు వేసుకుని ఫిర్యాదు రాసింది. ప్రతి తేదీ, ప్రతి సమావేశం, ఎవరేమన్నారో, అన్నీ. ఐదో రోజు దాన్ని పట్టుకుని నిధి సంస్థ ఆఫీసుకు వెళ్లింది. ఆ రోజు కళ్లద్దాలు తుడుచుకున్న పెద్దమనిషే ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఫిర్యాదు చదివాడు. ఆశ్చర్యపడలేదు.

"ఇలాంటివి జరుగుతుంటాయమ్మా. చూపించడానికి ఒకటి, కట్టడానికి ఒకటి. మాకూ తెలుస్తుంటుంది, ఎవరూ రాసివ్వరు కాబట్టి మేమూ కదపం" అన్నాడు. "మీరు ఇది ఇచ్చి వెళ్తే మాత్రం నేను నిధి ఆపాల్సిందే. ఆపితే స్థలం కూడా వెనక్కి పోతుంది, గడువులోపల పని మొదలుపెట్టాలని షరతుంది. మీ ఇష్టం. ఇస్తారా?"

ఆమె ఆ కాగితాల కట్ట పట్టుకుని కూర్చుంది. గేటులో తోసుకుంటున్న పిల్లలు కళ్లముందు కదిలారు. వాళ్లలో నత్త కూతురు ఎవరో ఆమెకు తెలియదు కూడా. టీచరు లెక్క ఇక్కడిదాకా వేసే ఉంటుందని ఆమెకు అప్పుడు అర్థమైంది. పిడుగు అంతదూరం వెళ్తుంది గానీ ఆ కాగితం ఇవ్వదు, అని. అలా తనను పూర్తిగా చదివేసిన మనిషి మీద వచ్చినంత కోపం, అబద్ధం చెప్పిన మనిషి మీద రాలేదు.

కట్టను సంచిలో పెట్టేసుకుంది. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఈ ప్లానుతో తనకు సంబంధం లేదనీ, తన పేరు, నంబరు తీసెయ్యాలనీ నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. పెద్దమనిషి ముద్ర వేసి నకలు చేతికిచ్చాడు.

పని మొదలైన వారంలో ఒకసారి వెళ్లింది. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లింది. ఏనుగు బండకు వరసగా రంధ్రాలు వేసి, ఇనుప చీలలు దిగ్గొడుతున్నారు. ఒక్కో దెబ్బకూ బండ ఏమీ కానట్టే ఉంది. చాలాసేపటి తర్వాత, ఎవరూ కొట్టనప్పుడు, టప్పుమని సన్నటి శబ్దం వచ్చి రెండుగా విడిపోయింది. లోపల రాయి తాజాగా, లేత బూడిదరంగులో ఉంది.

సైటు ఇంజనీరు కుర్రవయసు మనిషి, ఆమెను గుర్తుపట్టి ఇబ్బందిగా దగ్గరికొచ్చాడు. "మేడమ్, ఈ ప్లాను నేనే గీశాను. మొదట గీసినప్పుడు చదును నేల అని చెప్పారు నాకు. వాలు అని తెలియదు."

"తెలిశాక?"

"తెలిశాక... ఉద్యోగం కదా మేడమ్."

ఆమె తిరిగి వెళ్లిపోబోయింది. నాలుగడుగులు వేసి ఆగింది. చెక్కేసిన గట్టు వైపు చూసింది. పైన కురిసిన నీళ్లన్నీ సరిగ్గా కింది అంతస్తు గదుల్లోకే వస్తాయి. అతని చేతిలోని పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే, గట్టు వెంట కాలువ ఎక్కడ మొదలవాలో, ఎంత లోతో, ఎటు తిప్పాలో గీసి ఇచ్చింది. "ఇది తప్పకుండా తవ్వించండి. పిల్లల కాళ్లు తడుస్తాయి."

"మీ పేరు రాయమంటారా మేడమ్?"

"వద్దు."

బడి ఏడాదిన్నరలో లేచింది. షిఫ్టులు పోయాయి. కాలువ తవ్వారని, గదుల్లోకి నీళ్లు రాలేదని తర్వాత విన్నది. ప్రారంభోత్సవానికి పిలుపు కార్డు వచ్చింది, వెళ్లలేదు. ప్రింట్లకు ఊరి అవతల రెండు బస్సులు మారి వేరే కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు నత్తే ఆఫీసు దాకా వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పింది. "నువ్వు గీసిన బడి బొమ్మ పెద్దదిగా ప్రింటు తీయమన్నారే, కొత్త బడి ముందు హాల్లో పెట్టుకోడానికి. నేను తీయనన్నాను."

"మరి?"

"వేరేచోట తీయించుకున్నారు. పెట్టారు."

"ఎలా ఉంది?"

"బాగుంది" అంది నత్త, ఏమనాలో తెలియక. "పిల్లలు చూసి, ఇది ఏ ఊరి బడి అని అడుగుతున్నారంట."

పిడుగు నత్తను లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు. నత్త కాసేపు నిలబడి, తన అలవాటు ప్రకారం మెల్లగా వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది టీచరు రిటైరైంది. వీడ్కోలు సభకు వారం ముందు తనే పిడుగు ఆఫీసుకు వచ్చింది. రెండంతస్తుల మెట్లెక్కి రొప్పుతూ కుర్చీలో కూలబడి, మోకాళ్లు రుద్దుకుంది. పిడుగు మంచినీళ్లిచ్చింది.

"పాత పిల్లలు ఎవరైనా మాట్లాడాలంట. నీ పేరు చెప్పాను."

"నేను రాను టీచర్."

"ఇంకా కోపమేనా?"

"అవును."

టీచరు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. "పిల్లలు బాగున్నారే. ఒకసారి వచ్చి చూడు. ఒక్కరికైనా ఏదో పోగొట్టుకున్నట్టు ఉందేమో అడుగు."

"వాళ్లకెలా తెలుస్తుంది? వాళ్లు చూడలేదుగా."

"అదే నేననేదీ" అంది టీచరు. తర్వాత గొంతు తగ్గించి, "కట్టింది తప్పని నేననుకోవట్లేదు. నీకు చెప్పకపోవడం తప్పే. అది ఒప్పుకుంటాను. అది చెప్దామనే వచ్చాను" అంది.

"అసలు ఎందుకు చెప్పలేదు టీచర్? నిధివాళ్ల సంగతి వదిలెయ్యండి. మనిద్దరం ఉన్నప్పుడు, ఎన్నిసార్లో మీ ఇంట్లో కూర్చున్నాం, ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? మీరు అడిగితే ఉత్త బొమ్మైనా గీసిచ్చేదాన్ని కదా!"

టీచరు ఆమె మొహంలోకి చూసింది. దాచడానికి ఇంకేమీ లేని మనిషిలా చెప్పింది.

"కట్టరని తెలిస్తే నువ్వు అంత బాగా గీసేదానివి కాదు."

పక్క గదిలో ఎవరో గుమ్మం కొలతలు పైకి చదువుతున్నారు, ఇంకొకరు రాసుకుంటున్నారు. టీచరు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మోకాలు పట్టేసి మళ్లీ కూర్చుంది. పిడుగు వెళ్లి చంక కింద చెయ్యి వేసి లేపింది. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టుకూ ఆగుతూ, ఆవిడ బరువంతా తన భుజం మీద మోస్తూ, కిందికి తీసుకెళ్లింది. వీధిలో ట్యాక్సీ ఆపి ఎక్కించి, డ్రైవరుకు ఇంటి గుర్తులు చెప్పింది.

"వస్తావుగా?" అంది టీచరు కిటికీలోంచి.

"రాను."

ట్యాక్సీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత పైకి వెళ్లి, పక్క గదివాళ్లను గుమ్మం ఎత్తు ఎంతొచ్చిందో మళ్లీ ఒకసారి చదవమంది.